చింతపండు మిషన్ కోసం ఊత్తంగరై దాకా

మన కోస్తా వాళ్ళకు హోసూరు అంటే బెంగళూరు పక్కన ఏదో ఫ్యాక్టరీల ఊరు. అక్కడ ఇళ్ళలో తెలుగు మాట్లాడతారని చెబితే, "అది తమిళనాడు కదమ్మా" అని నన్నే దిద్దుతారు. ఆ వైపు మూడు రోజులు తిరిగి వచ్చాను కాబట్టి, వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను. చూడదగ్గ ఊళ్ళే. కాకపోతే నేను చూడటానికి వెళ్ళలేదు. భయపడుతూ వెళ్ళాను, ఉన్నన్నాళ్ళూ భయపడుతూనే ఉన్నాను. ఇందులో కొండలూ కోటలకంటే నా గుబులే ఎక్కువ కనిపిస్తే మీరే సర్దుకోవాలి.

ఆ భయమేమిటో ముందే చెప్పేస్తాను. మాది తెనాలి దగ్గర పల్లె. ఇంజనీరింగ్ సీటు దొరికింది మాత్రం కృష్ణగిరికి ఇవతల ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో. తొంభై ఎనిమిదిలో, ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా మా ముగ్గురి బ్యాచ్ చింతపండులోంచి గింజ తీసే మిషన్ చేసింది. చేసింది అంటే, బొమ్మ మేము గీశాం. ఇనుము కోసి, అతికి, తిప్పి చూపించింది హోసూరులో లేత్ షాపు నడిపే మునిరాజప్ప. అక్కడి కాలేజీ పిల్లల ప్రాజెక్టులన్నీ ఇలాంటి లేత్ షాపుల్లోనే పుడతాయి. మార్చి, ఏప్రిల్ వాళ్ళకు పెళ్ళిళ్ళ సీజన్ లాంటిది.

పరీక్షకు వారం ముందు మామిడి జల్లులు పడ్డాయి. చింతపండు చెమ్మగిల్లింది. పోస్తే రోలర్లకు బంకలా పట్టి మిషన్ ఆగిపోయింది. ఎండ లేదు. ఎవరికీ చెప్పకుండా నేనొక సంచి చింతకాయ హాస్టల్ మెస్సులో పొయ్యిల పైనున్న అటక మీద పెట్టాను. పరీక్ష రోజు పొద్దున దించి, మునిరాజప్ప స్విచ్ వేస్తే నా చేత్తోనే పోశాను. గింజలు వడగళ్ళలా టపటపా రాలాయి. బయట ఇంకా ముసురు పట్టే ఉంది. "ఇంత చెమ్మలో కూడా ఆడుతోందే!" అని పరీక్షకు వచ్చినాయన ఆశ్చర్యపోయాడు. నేను ఇంకో గుప్పెడు పోశాను. రిపోర్టులో "ముందుగా ఎండబెట్టనవసరం లేదు" అని నేనే రాశాను.

ఆ ప్రాజెక్టుకు మొదటి బహుమతి వచ్చింది. తర్వాత ఎంబీఏ చేసి బెంగళూరులో ఒక వెంచర్ క్యాపిటల్ సంస్థకు ఇంటర్వ్యూకి వెళ్తే, ఆ బహుమతే నాకు ఉద్యోగం ఇప్పించింది. వెంచర్ క్యాపిటల్ అంటే బ్యాంకులా అప్పివ్వడం కాదు, కొత్తగా మొదలయ్యే కంపెనీల్లో వాటా తీసుకుని వాటితోపాటు లేవడమో మునగడమో. ఎవరు లేస్తారో ముందే కనిపెట్టి చెప్పడం నా పని. ఈ ప్రయాణం నాటికి చేరి ఎనిమిది నెలలు, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను.

రెండువేల నాలుగు మార్చిలో మా బాస్ ఒక ఫైలు నా బల్ల మీద పెట్టాడు. కృష్ణగిరికి అవతల ఊత్తంగరైలో ఎవరో చింతపండు మిషన్ తయారుచేశారట, వానలోనూ ఆడుతుందట. ఫోటో చూడగానే గుర్తుపట్టాను. అదే పచ్చ రంగు, అవే రోలర్లు. కింద పేరు మునిరాజప్ప. "ఇది నీ ప్రాజెక్టులాంటిదే కదా లలితా? నీకంటే బాగా చూడగలిగేవాళ్ళు ఎవరున్నారు?" అన్నాడు బాస్ సంతోషంగా. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

మిషన్ ఆడుతుందంటే ఇంకొకరి సొమ్ము మునుగుతుంది. ఆడదంటే, మరి నీ చేతిలో ఎలా ఆడిందని అడుగుతారు. సోమవారానికల్లా నా రిపోర్టు ఇవ్వాలి.

హోసూరు

బుధవారం పొద్దున బెంగళూరులో బస్సెక్కితే గంటన్నరలో హోసూరు. టికెట్టు పదమూడు రూపాయలు. రాష్ట్రం మారినట్టు మనకు తెలిసేది బోర్డుల మీద అక్షరాల వల్లే. మనుషుల మాటల్లో సరిహద్దు లేదు. బస్‌స్టాండు పక్క హోటల్లో పళ్ళెమంత తట్టె ఇడ్లీ తింటుంటే, గల్లాపెట్టె దగ్గరి పెద్దాయన ఒక సరుకులవాడితో తెలుగులో బేరం మొదలుపెట్టి, కన్నడంలో తిట్టి, తమిళంలో రాజీపడ్డాడు. చట్నీ మన నాలుకకు చప్పగా ఉంటుంది. కారప్పొడి అడిగితే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"మీది యా వూరమ్మా?"

తెనాలి అన్నాను.

"అదీ సంగతి. ఆ పక్కోళ్ళు ఒక్కరు వచ్చినా మా మిరప్పొడి డబ్బా ఖాళీ" అని డబ్బా నా ముందుకే తోశాడు. ఇడ్లీ రెండు రూపాయలు, కారప్పొడికి ఏమీ లేదు.

ఫైల్లో హోసూరు కంపెనీ కూడా ఒకటుంది. మోపెడ్లకు బ్రేకు తీగలు చేసే చిన్న షెడ్డు. యజమాని ఆ పక్కనే ఉన్న బేరిగై రైతుల ఇంటివాడు, ముప్పై ఏళ్ళుంటాయి. చొక్కా మడత నలగలేదు. షెడ్డు నేల అప్పుడే కడిగినట్టు తడిగా ఉంది. మామూలు మనిషైతే శుభ్రంగా ఉందని సంతోషించేది. నేను మాత్రం, నేను వస్తున్నానని ఏం దాచి కడిగారో అనుకున్నాను. ప్రతి మిషన్ వెనకా ఒక అటక ఉన్నట్టే తోచింది నాకు. ఆయన తీగను లాగి చూపిస్తే, "ఇది కాదు, ఆ మూల గంపలోంచి ఒకటి తీసి లాగండి" అన్నాను. ఆయన నవ్వుతూ లాగాడు. తెగలేదు. "భలే గట్టి మనిషివమ్మా నువ్వు" అన్నాడు మెచ్చుకోలుగా. గట్టిమనిషిని కాను, భుజాలు తడుముకునే గుమ్మడికాయల దొంగనని ఆయనకు ఎలా చెప్పను?

సాయంత్రం మునిరాజప్ప పాత లేత్ షాపు ఉన్న సందులోకి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఆ గదిలో ఇప్పుడు ఎస్టీడీ బూత్ ఉంది. బూత్ ఆమెను అడిగితే, "ఆయప్పా? నాలుగేండ్లాయె పోయి. చేతినిండా పని ఉండె, ఫ్యాక్టరీ ఆర్డర్లు ఉండె. అన్నీ వద్దనేసి చింతపండు, చింతపండు అని ఊత్తంగరై పోయినాడు. మంచోడే పాపం, ఏమో పిచ్చి పట్టె" అంది.

అంతవరకు నా భయమంతా నా ఉద్యోగం గురించే. ఆ మాటతో అది ఇంకో మనిషి మీదికి పాకింది.

రాయకోట

హోసూరు నుంచి కృష్ణగిరికి హైవే మీద తిన్నగా గంటలో పోవచ్చు. మర్నాడు నేను రాయకోట మీదుగా పోయే బస్సెక్కాను. కోట చూద్దామని కాదు, ఆలస్యం చేద్దామని. పిరికివాళ్ళకు చుట్టుదారులు బాగా దొరుకుతాయి.

దారంతా ఎర్రనేల, టమాటా తోటలు, మధ్యమధ్య బోడి గుండ్లు. బస్సులో పక్కన కూచున్న ముసలమ్మ ఒళ్ళో అనపకాయల మూట పెట్టుకుంది. మావైపు ఆనపకాయ అంటే సొరకాయ. ఇక్కడ అది చిక్కుడులాంటి గింజ. నానబెట్టి, ఒక్కొక్క గింజా పితికి తోలు తీసి పప్పు చేస్తారు. "ఇంటికి అల్లుడొస్తా ఉండాడు. ఒక సోలెడు పితికే కొద్దికి గోళ్ళు అరిగిపోతాయమ్మా, వానికేమి తెలుసు, రెండు బుక్కల్లో మింగుతాడు" అని నవ్వి, "నువ్వు యాడికి?" అంది.

"మిషన్ చూడటానికి పోతున్నాను పెద్దమ్మా."

"చూసి ఏమి చేస్తావు?"

"బాగుందో లేదో చెప్తాను."

"అది నడిపేవాడు చెప్పల్ల కదమ్మా. నువ్వెట్ల చెప్తావు?"

మా సంస్థలో నాకు శిక్షణ ఇచ్చినవాళ్ళెవరూ అడగని ప్రశ్న అది. నేను అనపకాయ ధర అడిగాను.

రాయకోటలో దిగి, కొండ మీది కోటను కింద నుంచే చూసి, ఒక చిన్న హోటల్లో రాగిముద్ద తిన్నాను. ముద్ద, ఉలవల పులుసు, ఉల్లిపాయ కలిపి ఎనిమిది రూపాయలు. మన సంకటిలో అన్నం మెతుకులు కనిపిస్తాయి. ఇక్కడిది నున్నగా బంతిలా ఉంటుంది, నమలకూడదు, మింగాలి. నేను నమిలి అంగిట్లో అంటించుకుని నీళ్ళు తాగుతుంటే ఎదుటివాళ్ళు మర్యాదగా పక్కకు తిరిగి నవ్వుకున్నారు.

తిని కృష్ణగిరి బస్సెక్కి కూచున్నాక గుర్తొచ్చింది, ఫైలు హోటల్ బల్ల మీద మరిచాను. బస్సు కదులుతోంది. దిగాలి. దిగలేదు. నిజం చెబుతున్నాను, ఆ ఫైలు పోతే పోయిందని బెంగళూరు తిరిగిపోవచ్చనే ఆశ కలిగి, కమ్మీ పట్టుకుని అలాగే కూచున్నాను. అంతలో హోటలాయన లుంగీ ఎగ్గట్టి, ఫైలు గాల్లో ఊపుతూ, బస్సు వెనకాల పరుగెత్తుకుంటూ వచ్చాడు. డ్రైవరు ఆపాడు. బస్సంతా నాకోసం సంబరపడింది. "ముఖ్యమైన కాగితాలు గదమ్మా, ఇంత మరుపైతే ఎట్ల" అని ఆయన రొప్పుతూ కిటికీలోంచి అందించాడు. రెండు చేతులా దణ్ణం పెట్టాను. లోపల ఏడుపొచ్చింది.

కృష్ణగిరి

కృష్ణగిరి మామిడికి పేరు. నేను వెళ్ళేసరికి ఇంకా పిందెలే. రోడ్డు పక్క ఉప్పూ కారం చల్లి అర్ధరూపాయికి నాలుగు ముక్కలు ఇస్తున్నారు. బస్‌స్టాండులో చెప్పు తెగితే కుట్టించుకున్నాను, రెండు రూపాయలు. రెండో చెప్పు కూడా తెగేలా ఉందని అతను హెచ్చరించాడు. అది తెగేదాకా కుట్టించకూడదని మా అమ్మ చెప్పిన సూత్రం, అందుకే ఊరుకున్నాను.

చింతపండు మండీ వీధికి ముక్కే దారి చూపించింది. వాకిళ్ళలో ఆడవాళ్ళు వరసగా కూచుని, చిన్న సుత్తితో కాయ మీద కొట్టి బెరడు రాల్చి, కొడవలి అంచుతో చీల్చి గింజ తీస్తున్నారు. మాకు చింతపండు అంటే ఉట్టి మీది జాడీ. దాని వెనక ఇన్ని వేళ్ళున్నాయని చదువుకునేటప్పుడూ నేను గమనించలేదు. గింజ యజమానిది, బెరడు పొయ్యిలోకి కూలివాళ్ళది. అది అక్కడి ఆనవాయితీ.

నలభై ఏళ్ళ ఒకామె నాకు సుత్తి ఇచ్చి కొట్టమంది. మూడో దెబ్బకే నా బొటనవేలు నలిగింది. ఆమె నా వేలు తన నోటి దగ్గర పెట్టుకుని ఊదింది.

"మిషన్ వస్తే మీకు పని పోతుందేమో?" అన్నాను.

"కాయ కొట్టేదానికి మిషన్ వస్తే వేరే పని చూసుకుంటాము. మబ్బు పడితే ఏమి చేసేది? చెమ్మలో గింజ ఊడిరాదు. వానొస్తే వారం పది దినాలు ఊరికే కూచుంటాము, కూలి లేదు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఊత్తంగరైలో ఒకాయప్ప మిషన్ చేస్తా ఉండాడంట. వానలో కూడా ఆడేది. ఒకసారి ఆడిందంట, ముందర. మళ్ళా ఆడించల్లని చూస్తా ఉండాడు" అంది.

ఆ ఒక్కసారి నాదే. నేను చేసిన మోసం ఇక్కడ ఈ వీధిలో వార్తగా తిరుగుతోంది. వేలు నొప్పి మరిచిపోయాను. ఆ పూట పరోటా, దానిలోకి సాల్నా అనే పల్చటి కూర తెప్పించుకుని ఒక్క ముక్కా తినలేక లాడ్జి గదిలో కూచున్నాను. పొద్దున బెంగళూరు బస్సు ఎన్నింటికో కింద కౌంటర్లో రెండుసార్లు అడిగాను. రెండోసారికి ఆయన కాగితం మీద రాసిచ్చాడు.

ఊత్తంగరై

బెంగళూరు బస్సు ఎక్కలేదు. ధైర్యం వచ్చిందని చెప్పుకోను. ఊత్తంగరై బస్సు ముందొచ్చింది, అంతే.

ఊరి చివర వేపచెట్ల కింద రేకుల షెడ్డు. లేత్ మిషన్ ఒకటి, దాని పక్కన మా పచ్చ మిషన్. మునిరాజప్ప జుట్టు నెరిసింది. బెంగళూరు నుంచి వచ్చేది ఎవరో ఆయనకు తెలియదు. నన్ను చూసి ఒక నిమిషం నిలబడిపోయాడు. తర్వాత లోపలికి కేకేశాడు.

"జయా! యెవరొచ్చిండేది చూడు! లలితమ్మ! మిషన్‌కి మొదట పోసిన పాప!"

ఆయన భార్య జయమ్మ పరుగున వచ్చింది. నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి చాప వేసింది, మజ్జిగ ఇచ్చింది. ఇంత ఆదరణ ఎందుకో నాకు అర్థం కాలేదు. మునిరాజప్పే చెప్పాడు.

"ఆరేండ్లు పోరాడినానమ్మా. చెమ్మ పండు ఎండలో పెడితే పైన రాయి అయిపోతుంది. పెట్టకుంటే జిగురు. రోలర్లు ఏడుసార్లు మార్చినాను. ఆ పొద్దు ముసురులో ఎట్ల ఆడింది, ఈ పొద్దు ఎందుకు ఆడదు? మిషన్ అదే, పండు అదే. యోచన చేసి చేసి కడాకి ఒకటే తేలె. ఆ పొద్దు పోసింది నువ్వు. నీది మంచి చెయ్యి."

నేను నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. ఆ సీమలో విత్తనం మొదట ఎవరి చేత వేయించాలి, చెరువు తూము మొదట ఎవరు తెరవాలి అన్నది చిన్న విషయం కాదు. చెయ్యి గుణం చూసే పిలుస్తారు. అన్ని ఇనుప లెక్కలు తెలిసిన మనిషి ఆఖరికి ఆ నమ్మకం దగ్గర ఆగాడు.

"ఎంతమంది చేతులో చూసినాము. నా చెయ్యి కాదు. దీని చెయ్యి అసలే కాదు. ఇది పోస్తే రోలరే విరిగె" అన్నాడు భార్యను చూపించి. జయమ్మ తల దించుకుంది. "అప్పట్నుంచి నేను మిషన్ పక్కకు పోనమ్మా. చీపురు కూడా ఆయనే పడతాడు ఆడ" అంది నాతో మెల్లగా.

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. ఇంతకు ముందు ఎన్నోసార్లు భయపడ్డాను, ఆ భయాలు చాలావరకు నా గురించే. అప్పుడు పట్టుకున్నది వేరే రకం. ఇంకొకరి చేతికి దోషం అంటగట్టి ఆరేళ్ళు హాయిగా నిద్రపోయానని తెలిస్తే వచ్చే భయం.

చెప్పేయాలని నోరు తెరిచేలోపు జయమ్మ పసుపు, కుంకుమ తెచ్చి మిషన్‌కు పెట్టింది, దూరం నుంచే, చెయ్యి చాచి. మునిరాజప్ప తడిగోనె కింద చెమ్మగా ఉంచిన చింతకాయ గంప నా ముందు పెట్టాడు. మా సంస్థకు చూపించడానికి చెమ్మ తగలని కాయ పెట్టవచ్చు. ఆయన పెట్టలేదు. "ఒకసారి ఆడిందని నమ్మి, వానలో ఆడుతుందని రాసిచ్చినాము గదా, చెమ్మదే చూపించల్ల" అన్నాడు. స్విచ్ వేశాడు.

"పొయ్యమ్మా."

పోశాను. వద్దు అనలేనంత పిరికిదాన్ని కాబట్టి పోశాను. రెండు గుప్పిళ్ళకు చప్పుడు బరువెక్కింది. నాలుగో గుప్పిటికి రోలర్లు మూలిగి ఆగిపోయాయి. బెల్టు కాలిన వాసన వచ్చింది. ఒక్క గింజా రాలలేదు.

మునిరాజప్ప స్విచ్ తీశాడు. నా చేతివైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఆఖరి ఆశ కూడా పోయిన మనిషి ముఖం అది.

"అన్నా, నా చేతిలో ఏమీ లేదు" అన్నాను. "ఆ రోజు నేను మోసం చేశాను. అది చెమ్మ పండు కాదు. హాస్టల్ మెస్సులో పొయ్యిల మీది అటక ఎక్కించి ఆరబెట్టి తెచ్చాను. ఎవరికీ చెప్పలేదు. రిపోర్టులో అబద్ధం రాశాను."

మునిరాజప్ప బయటికి వెళ్ళి తొట్టి దగ్గర చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు కడుక్కున్నాడు. కొడతాడేమోనని భయపడ్డాను. కొట్టినా బాగుండుననీ అనుకున్నాను. జయమ్మ తన కుడిచెయ్యి తిప్పి అరచేతిలోకి చూసుకుంటోంది.

"అంటే నా చెయ్యి..." అంది.

"నీ చెయ్యి మంచిదే వదినా" అన్నాను. ఆమె నన్ను చూడలేదు.

మునిరాజప్ప వచ్చి ఎదురుగా స్టూలు మీద కూచున్నాడు.

"అటక ఎంత ఎత్తు?"

"మనిషెత్తుకు ఇంకో రెండడుగులు."

"కట్టెల పొయ్యా, గ్యాసా?"

"కట్టెలు. పగలూ రాత్రీ మండుతూనే ఉండేవి."

"ఎన్ని రాత్రులు పెట్టినావు?"

"గుర్తులేదన్నా."

"రాసుకోలేదా?"

"దొంగపని కదా, ఎవరైనా రాసుకుంటారా?"

అప్పుడు అరిచాడు. నేను చూసినంతలో ఆయన గొంతు పెంచింది అదొక్కసారే. "అబద్ధం చెప్తే చెప్పినావు! కొలత రాసి పెట్టుకోకూడదా! ఇంజనీరు చదివినావు గదా! ఆరేండ్లమ్మా, ఆరేండ్లు!"

ఏడ్చాను. ఇక ఏడవకపోతే కుదరదనిపించింది. నా ఏడుపు ఆగేదాకా ఆయన కూచున్నాడు. ఊరడించలేదు. జయమ్మ లోపలికి వెళ్ళి అందరికీ అన్నం పెట్టింది. చింతాకు పప్పు, వడియాలు. ఇంత జరిగాక అన్నం పెట్టి తినమనే మనుషుల మధ్య తినడం ఎంత కష్టమో చెప్పలేను.

తింటూ ఉండగా జయమ్మే అడిగింది. "సంచి పైకి ఎక్కించిన పొద్దు మెస్సులో ఏమి పెట్టినారో గుర్తుందా?"

హాస్టల్లో నాలుగేళ్ళు ఉన్నవాళ్ళు చదువు మరిచిపోతారేమోగానీ మెస్సు వారం మరిచిపోరు. కళ్ళు మూసుకున్నాను. "పూరీ" అన్నాను. "చేతికి నూనె ఉండి సంచి జారింది. పూరీ అంటే బుధవారం."

"దించిన పొద్దు?"

"పొంగల్. తినలేక మిరియాలు పక్కన పెట్టాను. శనివారం."

మునిరాజప్ప ఎంగిలి చేత్తోనే లేచి, ఎడమచేత్తో సుద్దముక్క తీసి లేత్ వెనక గోడ మీద రాశాడు. మూడు రాత్రులు, ఎనిమిదడుగుల ఎత్తు, కట్టె మంట. కూచుని మళ్ళీ అన్నం కలుపుకున్నాడు.

"మీ ఆఫీసులో చెప్పు. ఇప్పుడు దుడ్డు ఇయ్యొద్దని చెప్పు. ఇది ఇంకా కాలేదు" అన్నాడు.

బస్సు దాకా జయమ్మ వచ్చింది. తాంబూలం ఇచ్చింది, అక్కడ వచ్చిన ఆడవాళ్ళను ఉత్తచేతుల్తో పంపరు. కుడిచేత్తో ఇచ్చింది. మా ఇద్దరికీ అది తెలుసు.

మళ్ళీ బెంగళూరు

సోమవారం రిపోర్టు ఇచ్చాను. బ్రేకు తీగల కంపెనీకి సరేనని, చింతపండు మిషన్‌కు ఇప్పుడు వద్దని రాశాను. ఎందుకు వద్దో వివరంగా రెండు పేజీలు రాశాను. అటక, మెస్సు, నా అబద్ధం, అన్నీ. బాస్ చదువుతుంటే ఆ గదిలో ఏసీ చప్పుడు నాకు రోలర్ల మూలుగులా వినిపించింది.

"ఇది ఇంకెవరికైనా తెలుసా?" అన్నాడు.

"ఆ ఇద్దరికీ."

"అయితే ఈ రెండు పేజీలూ తీసెయ్. మిషన్ ఇంకా సిద్ధం కాలేదని ఒక్క ముక్క రాస్తే చాలు. నిన్ను తీసుకున్నది నేను. నాకూ తలనొప్పి ఎందుకు?"

మంచికే చెప్పాడు. ఒప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంది. "అవి తీసేస్తే, రేపు ఇంకొకరు ఆ మిషన్ చూసి తప్పు ఆయనదే అనుకుంటారు సార్" అన్నాను. ఆ రెండు పేజీలూ తీయకుండానే రిపోర్టు ఆయన ముందు పెట్టాను.

ఉద్యోగం పోలేదు. ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. మిషన్లు చూడటానికి నన్ను ఒంటరిగా పంపడం మానేశారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను రాగానే మాటలు ఆగేవి. ఊత్తంగరైకి ఫోన్ చేయాలని ఎన్నోసార్లు నంబరు తీశాను. చేయలేదు. మూడు రాత్రులు పెట్టినా ఆడకపోతే? ఈసారి తప్పంతా నా అబద్ధానిదే అని సరిపెట్టుకోవడానికి కూడా ఉండదు.

ఆగస్టులో నాలుగు రోజులుగా ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ నాకోసమని ఇచ్చారు. చెవి దగ్గర పెట్టుకోగానే అవతల మిషన్ చప్పుడు. ఆ చప్పుడు మీదుగా మునిరాజప్ప గట్టిగా అరుస్తున్నాడు.

"మూడు రాత్రులు కాదమ్మా! మూడైతే గట్టిపడిపోతుంది! రెండే! ఆ పూరీ గురువారందయ్యుంటుంది, నువ్వు తప్పు చెప్పినావు! రెండు రాత్రులు, రాసుకో!"

చేతికి దొరికిన కాగితం మీద రాసుకున్నాను.

"రాసుకున్నావా?"

"రాసుకున్నానన్నా. పోసింది ఎవరు?"

అవతల గింజలు టపటపా రాలుతున్నాయి.

"మీ వదిన" అన్నాడు. "అది కూడా రాసుకో."